బూజు చురక

సుమిత్ర చేతిసంచిని కంపెనీ గేటు దగ్గర బోర్లించారు, సాయంత్రం అయిదున్నరకు, సరిగ్గా షిఫ్టు మారే వేళ. బొల్లారం నుంచి పటాన్‌చెరు వెళ్ళే కంపెనీ బస్సు ఇంజను ఆన్ చేసి నిలబడి ఉంది. కిటికీల నిండా తలలే. సెక్యూరిటీ మనిషి సంచి అడుగు పట్టుకుని దులిపాడు. టిఫిన్ డబ్బా, గొడుగు, బస్సు పాసు పడ్డాయి. చివరగా న్యూస్‌పేపర్లో చుట్టిన పొట్లం ఒకటి పడింది.

"అది గూడ విప్పు," అన్నాడు ల్యాబు పెద్ద విఘ్నేశ్వర్. "బూజు కల్చర్ ట్యూబులు అందుల్నే ఉండొచ్చు."

"సార్, అది..." అని సుమిత్ర ముందుకు వచ్చేలోపే పొట్లం విప్పారు. శానిటరీ ప్యాడ్లు సిమెంటు నేల మీద చెల్లాచెదురయ్యాయి. బస్సులో ఎవరో నవ్వారు. అంతకంటే ఎక్కువమంది తలలు తిప్పుకున్నారు. ఆమె వంగి ఒక్కొక్కటే ఏరుకుంది. ఏరుకుంటూ పైకి చూస్తే, మొదటి అంతస్తు ఆఫీసు కిటికీ వెనక యజమాని కాశీనాథ్ నిలబడి ఉన్నాడు. చూశాడు, పక్కకు తప్పుకున్నాడు.

ఆరేళ్ళ ఉద్యోగం అలా ముగిసింది.

కాశీనాథ్‌ది సంగారెడ్డిలో మూడు తరాలుగా ఎండు మూలికల వ్యాపారం చేసే కుటుంబం. పొలాల నుంచి వచ్చే అశ్వగంధ వేళ్ళలో మందు శాతం ఒక ఏడు ఉన్నట్టు మరో ఏడు ఉండదని కొనేవాళ్ళు పేచీ పెడుతుంటే, ఆయన బొల్లారంలో ఒక షెడ్డు తీసుకుని ల్యాబు పెట్టాడు. అక్కడ మొక్కను కాదు, వేరును మాత్రమే పెంచుతారు. ఆకు ఉండదు, కాండం ఉండదు, మన్ను ఉండదు. గాజు ఫ్లాస్కుల్లో చక్కెర, లవణాలు కలిపిన నీళ్ళు, వాటిని ఆగకుండా ఊపే యంత్రాలు, ఆ నీళ్ళలో నూలు పోగుల్లా అల్లుకుపోయే తెల్లటి వేళ్ళు. ఆ ల్యాబుకు పెద్దగా తన మేనల్లుడు విఘ్నేశ్వర్‌ను కూర్చోబెట్టాడు. అతనికి పీహెచ్‌డీ ఉంది. కర్దనూర్ కోడలు, ఎమ్మెస్సీ చదివిన సుమిత్ర అతని కింద టెక్నీషియన్.

వేళ్ళు బ్రహ్మాండంగా పెరిగేవి. వాటిలో మందు మాత్రం ఉండేది కాదు. పొలంలోని మొక్క పురుగుల నుంచి, తెగుళ్ళ నుంచి తనను తాను కాపాడుకోవడానికి ఆ మందును తయారు చేసుకుంటుంది. ఫ్లాస్కులో వేరుకు అడగకుండానే తిండి, శత్రువన్నదే లేదు. ఇక అది మందు ఎందుకు చేస్తుంది? నాలుగేళ్ళు వెలుతురు మార్చి, చక్కెర మార్చి, హార్మోన్లు మార్చి చూశారు. లాభం లేకపోయింది. ల్యాబు మూసేస్తామని కాశీనాథ్ రెండుసార్లు అన్నాడు.

అయిదో ఏడు వానాకాలంలో ఒక ఫ్లాస్కుకు బూజు పట్టింది. బూజు పట్టినదాన్ని వెంటనే ఆవిరి యంత్రంలో ఉడికించి పారేయాలన్నది నియమం. సుమిత్ర కూడా అందుకే తీసింది. కానీ బూజు ఒక పక్కనే ఉంది, దాని చుట్టూ ఉన్న వేళ్ళు మాత్రం గోధుమ రంగుకు తిరిగాయి. ఆ రంగు చూసి ఆమె చేయి ఆగింది. ఆ వేళ్ళను కత్తిరించి, ఎండబెట్టి, పరీక్షకు పెట్టింది. మందు మామూలు కంటే మూడింతలు ఉంది.

మరో ఏడాది ఆమెకు వేరే ధ్యాస లేదు. బూజును విడిగా పెంచింది. దాన్ని ఉడికించి చంపి, వడగట్టి, ఆ కషాయాన్ని చుక్కల లెక్కన ఫ్లాస్కుల్లో వేసింది. ఎక్కువైతే వేళ్ళు నల్లబడి చచ్చేవి, తక్కువైతే చలనం ఉండేది కాదు. ఎంత వేయాలి, వేరుకు ఎన్ని రోజుల వయసున్నప్పుడు వేయాలి, వేశాక ఎన్ని గంటలకు కోయాలి, అన్నీ ఒక్కొక్కటిగా పట్టుకుంది. శత్రువు వచ్చాడని వేరును నమ్మించాలి, చంపకూడదు. దీన్ని పుస్తకాల్లో ఎలిసిటర్ అంటారు. సుమిత్ర, ఆమె చేతి కింద పనిచేసే పూజ మాత్రం 'చురక' అనేవాళ్ళు.

"అక్కా, ఇయ్యాల్ల పద్నాలుగో నంబరుకు చురక పెట్టాలె," అనేది పూజ. వెలిమెల పిల్ల. ఇంటర్ చదివి అంట్లు కడిగే పనికి వస్తే, సుమిత్రే దగ్గర కూర్చోబెట్టుకుని బ్లేడు పట్టడం, మంట దగ్గర మూత తీయడం నేర్పింది.

చివరికి మందు ఏడింతలు అయింది. కాశీనాథ్ ల్యాబంతా మిఠాయిలు పంచాడు. ముంబై నుంచి కొనేవాళ్ళు చూడడానికి వస్తామన్నారు. విఘ్నేశ్వర్ పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. కనిపెట్టినవారు అన్న చోట ఒకే పేరు రాశాడు, తనది. ప్రింటర్ దగ్గర ఆ కాగితం చూసి సుమిత్ర అడిగింది.

"సార్, నా పేరు లేదేంది?"

"టెక్నీషియన్ పేర్లు రాయరమ్మా. నోట్‌బుక్కులు కంపెనీవి, ఐడియా డిపార్ట్‌మెంట్‌ది."

"అయితే కాశీనాథ్ సార్‌ను అడుగుత."

అతను నవ్వాడు కానీ, ఆ నవ్వు కళ్ళ దాకా రాలేదు.

ఆ మరుసటి వారమే అతను నలుగురు అతిథులను కల్చర్ గదిలోకి తీసుకువచ్చాడు. ఆ గదిలోకి వెళ్ళాలంటే చెప్పులు విడవాలి, కాళ్ళూ చేతులూ కడగాలి, టోపీ, యాప్రాన్ వేసుకోవాలి. బయట జోరువాన. బురద బూట్లతోనే వచ్చారు వాళ్ళు. సుమిత్ర అడ్డం నిలబడితే విఘ్నేశ్వర్ విసుక్కున్నాడు. "రెండు నిమిషాలు. ఏం గాదు." నాలుగు రోజుల్లో రెండు వందల ఫ్లాస్కులు విరిగిన పాలలా మసకబారాయి. విచారణ జరిగింది. సుమిత్ర యాప్రాన్ లేకుండా గదిలోకి వెళ్ళిందని, బూజు ట్యూబులను బయటికి దాటిస్తోందని విఘ్నేశ్వర్ రాసిన కాగితం మీద పూజ సాక్షి సంతకం పెట్టింది. ఆ సాయంత్రమే గేటు దగ్గర సంచి బోర్లించారు.

సుమిత్ర భర్త మల్లేష్ బొల్లారంలోనే మరో మందుల ఫ్యాక్టరీలో ఆపరేటర్. ఆమెను సంగారెడ్డి తీసుకువెళ్ళి వకీలుకు చూపించాడు. నోట్‌బుక్కులు కంపెనీ దగ్గరున్నాయి, సాక్షి సంతకం వాళ్ళ దగ్గరుంది, మీ దగ్గర ఏముందని అడిగాడు వకీలు. ఉద్యోగానికి వెళ్ళిన మూడు చోట్లా ఆమె పేరు వినగానే "ఫోన్ చేస్తాం" అన్నారు.

ఆఖరికి ప్రభావతి పిలిచి పని ఇచ్చింది. కర్దనూర్ దాటాక రోడ్డు పక్కన చిన్న షెడ్డులో ఆమె అరటి పిలకలను టిష్యూ కల్చర్‌లో పెంచి రైతులకు అమ్ముతుంది. సుమిత్ర మీద వచ్చిన నింద గురించి ఒక్క ప్రశ్నా వేయలేదు. పది నిమిషాలు ఆమె చేతులను చూసి, "రేపటి నుంచి రా," అంది.

పని దొరికింది కానీ మంట ఆరలేదు. అన్నం కలుపుతున్నా, షేర్ ఆటోలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నా, నేల మీద పడ్డ ఆ పొట్లమే కళ్ళ ముందు ఆడేది. విఘ్నేశ్వర్ ముఖం, బస్సులో నవ్విన గొంతు, పూజ సంతకంలోని వంకర 'జ'.

"ఇగ ఇడిసిపెట్టు సుమిత్రా," అన్నాడు మల్లేష్ ఒక ఆదివారం. "ఏడాదాయె. మనసుల పెట్టుకుంటే నీకే పరేషాన్."

"నీ సంచి బోర్లిస్తే తెలుస్తుండె."

"ఏం జేస్తవ్ మరి?"

"నేనేం జెయ్య. చూస్తుంట."

ఆమె నిజంగానే చూస్తోంది. దేనికోసమో మల్లేష్‌కు తెలియదు. ల్యాబులో పెంచిన బూజును నెలల తరబడి గాజు ట్యూబుల్లో, మెత్తటి తిండి మీదే మార్చి మార్చి పెంచితే అది సోమరిదవుతుంది. దాడి చేసే గుణం చచ్చిపోతుంది. అలాంటి బూజును ఉడికించి పోస్తే వేరు బెదరదు. మూడు నెలలకోసారి దాన్ని బతికున్న మొక్క వేరు మీద వదలాలి. అది ఆ వేరును తిని, మళ్ళీ వాడి తెచ్చుకున్నాక అక్కడి నుంచి ల్యాబుకు తీసుకోవాలి. సుమిత్ర ఆ పని అలవాటుగా చేసేది. దాన్ని ప్రయోగమని కూడా అనుకోలేదు కాబట్టి నోట్‌బుక్కులో ఎప్పుడూ రాయలేదు. కొట్టేసిన కాగితాల్లో ఆ ఒక్కటి లేదు. ఏడింతలు అయిదింతలవుతుంది, అయిదు రెండవుతుంది. అప్పుడతను వస్తాడు. రాక ఏం చేస్తాడు?

భాద్రపదంలో వచ్చాడు. ముసురు పట్టిన ఒక పొద్దున ప్రభావతి షెడ్డు ముందు కారు ఆగింది. సుమిత్ర అరటి పిలకలను కోసి సీసాల్లోకి మారుస్తోంది. విఘ్నేశ్వర్ తలుపు దగ్గర నిలబడి, ఎన్నడూ లేనిది, "సుమిత్ర గారూ," అన్నాడు.

ఆమె చేతిలో ఉన్న సీసా మూత బిగించి, పేరు రాసి, అప్పుడు బయటికి వచ్చింది. అతని కళ్ళ కింద నల్లగా ఉంది.

"చురక పనిచేస్తలేదు," అన్నాడు. ఆ మాట అతని నోట వినడం ఆమెకు అదే మొదటిసారి. "అంతా మీరు రాసినట్టే చేస్తున్నం. ఒకటిన్నర రెట్లు దాటుతలేదు. ముంబైవాళ్ళు ఇరవయ్యో తారీఖున వస్తున్నరు."

"పేటెంట్ల ఎవరి పేరున్నది సార్?"

"మీ పేరు చేర్పిస్త. దానిదేముంది, ఒక ఫారమ్."

"రెండు వందల ఫ్లాస్కులు ఎవరి వల్ల పోయినయో కాశీనాథ్ సార్‌కు చెప్తరా?"

అతను కారు వైపు చూశాడు. వాన చినుకులు అద్దాల మీద జారుతున్నాయి.

"అయిపోయిన ముచ్చట ఎందుకిప్పుడు? మామయ్యకు బీపీ. మీకు నౌకరి మళ్ళ ఇప్పిస్త, జీతం పెంచి. ఇంకేం గావాలె?"

ఆ మాట అతను అనకుండా ఉండి ఉంటే ఏమయ్యేదో సుమిత్రకు కూడా తెలియదు. తప్పయిందని ఒక్కసారి అంటే, బహుశా అంతా చెప్పేసేది. ఆమె యాప్రాన్‌కు చేతులు తుడుచుకుంది.

"మీ బూజు సోమరిదైంది సార్. కుండీల అశ్వగంధ మొక్క పెట్టి, దాని వేరు మీద బూజును ఇడవాలె. వారం పది రోజుల్ల వేరు కుళ్ళుతది. కుళ్ళిన కాడ తెల్లగ పొడి లేస్తది. ఆ పొడి తీస్కపోయి ట్యూబులల్ల పెంచుకోవాలె. మునుపటి లెక్కనే పనిచేస్తది."

అతను ఫోన్లో గబగబా రాసుకున్నాడు. "అంతేనా?"

సుమిత్ర అతని బూట్ల వైపు చూసింది. ఎర్రటి బురద. షెడ్డు గడప మీద రెండు అచ్చులు స్పష్టంగా పడి ఉన్నాయి.

"అంతే," అంది.

అంతే కాదు. ఆమె ఆ పని ఎప్పుడూ కంపెనీ వెనక, జనరేటర్ పక్కనున్న రేకుల గదిలో చేసేది. శనివారం సాయంత్రం, ఇంటికి వెళ్ళే ముందు ఆఖరి పనిగా. చేశాక మళ్ళీ ల్యాబు గుమ్మం తొక్కేది కాదు. ఇంటికి వెళ్ళి తలస్నానం చేసి, ఆ బట్టలు విడిగా నానబెట్టేది. ఆదివారం గడిచాక సోమవారమే లోపలికి అడుగు. ఎందుకంటే మొక్క మీద తేరుకున్న ఆ బూజు పొడి ఊదితే లేస్తుంది. బట్టలకు, వెంట్రుకలకు పట్టుకుంటుంది. ఒక్క రేణువు చాలు ఒక ఫ్లాస్కుకు.

ఇది అతనికి తెలియదు. తెలియదని ఆమెకు తెలుసు. తెలిసిన నియమాలే పాటించని మనిషి, ఇరవయ్యో తారీఖు తరుముతుంటే ఆ కుండీలను ఎక్కడ పెడతాడో కూడా తెలుసు. కారు మలుపు తిరిగే దాకా ఆమె వానలో నిలబడే ఉంది. ఆ రోజు మధ్యాహ్నం చాలా నెలల తర్వాత ఆకలిగా అన్నం తింది.

కుండీలను విఘ్నేశ్వర్ కల్చర్ గది పక్కనే పెట్టాడు. రెండు గదులకూ ఏసీ గాలి ఒకే గొట్టంలోంచి వస్తుంది. తొమ్మిదో రోజున తానే పొడి తీశాడు. అదే చేత్తో, అదే యాప్రాన్‌తో లోపలి గదికి వెళ్ళి ఫ్లాస్కులు చూశాడు. మూడు రోజుల తర్వాత మొదటి వరుసలో దూదిలాంటి చుక్కలు కనిపించాయి. గాభరాపడి, అసలు విత్తనంలా దాచుకునే తల్లి సీసాలు బాగున్నాయో లేదోనని ఒక్కొక్కటే మూత తీసి చూశాడు. ఏడేళ్ళుగా కాపాడుకుంటూ వచ్చిన వేళ్ళు అవి. వాటికీ అంటింది. ముంబైవాళ్ళు వచ్చేసరికి గది నిండా తెల్లటి బొచ్చు పట్టిన గాజుబుడ్లు ఊగుతున్నాయి.

వార్త ప్రభావతి ద్వారా తెలిసింది. సుమిత్ర సెలవు పెట్టి, షేర్ ఆటో ఎక్కి బొల్లారం వెళ్ళింది. కళ్ళారా చూడాలి. గేటు లోపల ఫ్లాస్కులను బుట్టల్లో మోసుకువచ్చి, ఉడికించిన వేళ్ళను డ్రమ్ముల్లో గుమ్మరిస్తున్నారు. చక్కెర పాకం మాడిన వాసన, దాని కింద కుళ్ళు వాసన. పూజ రెండు చేతులా బుట్ట పట్టుకుని వస్తూ ఆమెను చూసి ఆగింది, మళ్ళీ నడిచింది.

విఘ్నేశ్వర్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూడగానే లేచి గేటు దాకా వచ్చాడు. అతని ముఖంలో ముందు అనుమానం, తర్వాత అర్థమవడం, అన్నీ ఆమె తీరిగ్గా చూసింది.

"నీకు తెలుసు," అన్నాడు. "అంతేనా అని అడిగిన. అంతే అన్నవు."

"అన్న."

"ఎందుకు?"

"ఎందుకో మీకు తెల్వదా సార్?"

సెక్యూరిటీ మనిషి తలవంచుకుని గేటు తీశాడు. పైనుంచి కాశీనాథ్ పిలుస్తున్నాడట.

ముసలాయన బల్ల వెనక చిన్నగా కనిపించాడు. కూర్చోమన్నాడు. సుమిత్ర నిలబడే మొత్తం చెప్పింది. మొదటి బూజు ఫ్లాస్కు, పేటెంటు, బురద బూట్లు, మొన్నటి వాన, తాను మింగిన మాట. ఒక్కటీ దాచలేదు. దాచాలనిపించలేదు కూడా.

ఆయన అంతా విన్నాడు. తర్వాత అన్నాడు. "వాడు లుచ్చా పని జేసిండు బిడ్డా, ఒప్పుకుంట. గని నాకొక్క ఫోన్ జేసి చెప్తే అయిపోతుండె గదా. ఒక్క మాట."

"నా సంచి బోర్లించిన నాడు మీరు ఈ కిటికీల నుంచి చూసిండ్రు సార్. మీరు గూడ ఒక్క మాట చెప్పకపోతిరి."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మళ్ళ చెయ్యొస్తదా? మొదటి నుంచి?"

"వస్తది. ఏడాది పడ్తది."

"చేస్తవా?"

"చేస్త. మీ కాడ గాదు."

మెట్లు దిగుతుంటే ఒళ్ళంతా తేలికగా ఉంది. ఇంటికి వెళ్ళి మల్లేష్‌కు చెప్పింది. అతను అంతా విని, "ఆ ల్యాబుల ఎంతమంది పనిచేస్తరు?" అని మాత్రం అడిగాడు. ఆమె లేచి పొయ్యి మీది అన్నం దించింది.

పదహారు మంది. నెలాఖరుకు కాశీనాథ్ ల్యాబు మూసేశాడు. పేటెంటు దరఖాస్తును పట్టించుకునేవాడు లేక అది గడువు దాటింది. విఘ్నేశ్వర్‌ను సంగారెడ్డిలో మూలికల దుకాణానికి పంపించారు. సుమిత్ర ఒకసారి పనిగట్టుకుని ఆ బజారు మీదుగా నడిచింది. అతను గోనెసంచుల మధ్య కూర్చుని రైతు తెచ్చిన ఎండు వేళ్ళను వాసన చూస్తున్నాడు. ఆమె కనిపించగానే తల కిందికి దించాడు. ఆ దించిన తలను ఆమె ఇంటి దాకా మోసుకువచ్చింది, ప్రసాదంలా.

దీపావళి దాటాక ప్రభావతి అశ్వగంధ వేళ్ళ పని మొదలుపెడదామంది. పెట్టుబడి తనది; లాభంలో సగం వాటా, కాగితాల మీద పేరు సుమిత్రవి. పనికి చేయి తిరిగిన మనిషి ఒకరు కావాలి. సుమిత్ర పూజ పేరు చెప్పింది. క్షమించి కాదు. అంత శుభ్రమైన చేయి ఆ చుట్టుపక్కల మరొకటి లేదు.

పూజ వచ్చింది. మొదటి రోజు యాప్రాన్ తొడుక్కుంటూ, అద్దంలో చూస్తూనే అంది.

"నేను సంతకం పెట్టిన. నౌకరి పోతదని భయపడ్డ. తప్పే అక్కా, నీ కాళ్ళు మొక్కుదామని ఎన్నోసార్లు అనుకున్న."

సుమిత్ర టోపీ తీసి అందించింది.

"ఆ బుట్టలు మోసిన నాడు మాత్రం ఆ ఆలోచన పోయింది. నేను బేకార్ అయితే అయిన, నాది తప్పుండె. మిగతా పదిహేను మంది నీకేం జేసిండ్రు? ల్యాబుల మేస్త్రీ పెద్దరాములు నీకేం జేసిండు? ఆయన బిడ్డ పెండ్లి ఆగిపోయింది."

"నువ్వు నిజం చెప్పి ఉంటే ఇంత దూరం రాకపోవు."

"నువ్వు నిజం చెప్పినా రాకపోవు."

తర్వాత రోజుల్లో సుమిత్ర ఆ మాటకు జవాబు కోసం చాలా వెతికింది. పెద్దరాములు గుర్తొస్తే అన్నం డబ్బా సగంలోనే మూసేసేది. కోపం తెచ్చుకుందామని విఘ్నేశ్వర్‌ను తలచుకునేది. అప్పుడు మళ్ళీ అదే తీపి, ఏమాత్రం తగ్గకుండా. ఆ పొద్దున మళ్ళీ వస్తే ఏం చెప్పేదని తనను తాను ప్రశ్నించుకునేది. నిజం చెప్పుకోవాలంటే, మళ్ళీ 'అంతే' అనే అనేది.

ఇప్పుడు ఇద్దరూ పక్కపక్క బల్లల దగ్గర పనిచేస్తారు. మంట దగ్గర పూజ చేయి వణకదు. బ్లేడు, సీసా, మూత, తారీఖు, ఇవి తప్ప ఆమె నోట మరో మాట రాదు. మధ్యాహ్నం డబ్బా తీసుకుని అరటి మొక్కల షెడ్డులోని ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చుంటుంది. సుమిత్ర ల్యాబు గడప మీద ఒక్కతే తింటుంది. ఆమె పిలవదు, పూజ రాదు. తిన్నాక ఇద్దరూ కాళ్ళూ చేతులూ కడుక్కుని, టోపీలు పెట్టుకుని, ఒకరి వెనక ఒకరు లోపలికి వెళతారు.